బండల మాటున బంగారు బల్లి

తెలుగునాట బల్లిని ఎరుగని ఇల్లు లేదు. దాని పేరిట శకునాలు చూసేవారు కొందరైతే, కనబడగానే చెప్పు అందుకునేవారు మరికొందరు. ప్రజ్ఞాపూర్‌లో మా మదరసా విద్యార్థులు తరచూ ఒక ప్రశ్న అడుగుతుంటారు: “మౌలానా సాబ్! బల్లి ఎక్కడ కనిపించినా చంపవలసిందేనా?” సమాధానానికి ముందు, కొండ గుహల్లో బ్రతికే ఒక బల్లిని గురించి తెలుసుకుందాం.

దాని పేరు బంగారు బల్లి. తూర్పు కనుమలే దాని నివాసం. 1870లో బెడ్డోమ్ అనే ఆంగ్లేయ అధికారి దానిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. తర్వాత చాలాకాలం దాని ఊసే లేదు. 1980వ దశకం మధ్యలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు దానిని తిరుమల కొండల్లో తిరిగి గుర్తించారు. అటుపిమ్మట తమిళనాడు, ఒడిశా కొండల్లోనూ కనిపించింది.

పగలంతా చల్లని రాతి పగుళ్ళలో దాగి, రాత్రివేళ పురుగుల వేటకు వెలువడుతుంది. మగబల్లి మేను పసిడిరంగులో మెరుస్తుంది. దాని వేళ్ళ అడుగున కంటికి కనిపించని సూక్ష్మమైన నూగు ఉంటుంది. ఆ నూగు రాతికి అతి చేరువగా ఆనినప్పుడు కలిగే ఆకర్షణే దానిని గుహ కప్పుకు తలక్రిందులుగా నిలుపుతుంది. జిగురు లేదు, గోరు గుచ్చడం లేదు. సృష్టికర్త పనితనానికి ఇంతకంటే ఏ నిదర్శనం కావాలి!

ఆడబల్లి తెల్లని గుడ్లను రాతికే అంటించి పెడుతుంది. అనేక బల్లులు ఒకే చోటును ఎంచుకుంటాయి. కనుక ఒక్క బండ పగిలితే ఎన్నో బల్లుల సంతానం ఒకేసారి నశిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి మొదటి షెడ్యూలులో స్థానమిచ్చింది. దీనిని చంపడం, పట్టడం నేరం.

ఇక విద్యార్థుల ప్రశ్న. బల్లిని చంపమన్న హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. దానిని కాదనే అధికారం మనకు లేదు. అయితే దైవప్రవక్త (స) బల్లిని హానికర జీవుల కోవలో చేర్చి పేర్కొన్నారని కూడా ఆ హదీసులే తెలుపుతున్నాయి. ధర్మపండితులు సైతం ఈ ఆదేశాన్ని హాని దృష్టితోనే వివరించారు. ఇంట్లో ఆహారాన్ని, నీటిని పాడుచేసే ప్రాణిని తొలగించుకోవడం వేరు. ఎవరి జోలికీ రాక అడవి గుహలో బ్రతికే ప్రాణిని వెదికి చంపడం, దాని గూటిని పగులగొట్టడం వేరు. భూమిపై సంచరించే ప్రాణులు, ఎగిరే పక్షులు అన్నీ మీవంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ బోధిస్తోంది (అల్ అన్ఆమ్: 38). పక్షి పిల్లలను పట్టి తెచ్చినవారిని, వాటిని తల్లికి తిరిగి ఇవ్వండని దైవప్రవక్త (స) ఆదేశించారు.

తల్లిదండ్రులారా! బల్లి పాటు శకునాలను మన ఇళ్ళ నుండి తొలగిద్దాం. అదే సమయంలో, హాని చేయని జీవిపై రాయి విసరడం వీరత్వం కాదని పిల్లలకు నేర్పుదాం. కొండలకు వెళ్ళినప్పుడు రాతికి అంటిన తెల్లని గుడ్లు కనిపిస్తే తాకకుండా మరలి రమ్మందాం. భూమి మనకు సొంత ఆస్తి కాదు, అప్పగించబడిన అమానతు. లెక్క చెప్పవలసిన దినం ఒకటుంది.