ఇంటిబడికి క్రైస్తవ గణితపుస్తకము

బిడ్డలను బడికి పంపక యింటనే చదువు చెప్పుకొను తల్లులు మన దేశమున నింకను కొలదిమందియే. అయినను క్రైస్తవ కుటుంబములలో నీ తలంపు అక్కడక్కడ కనబడుచున్నది. వాక్యము నేర్పుటకు తెలుగు బైబిలు చేతనున్నది. అక్షరములు దిద్దించుట తల్లికి క్రొత్త కాదు. ఆమెను దిగులుపెట్టునది లెక్కల పుస్తకము. క్రైస్తవ గణితమను పేరుతో అమెరికానుండి వచ్చు పుస్తకములను కొనవలయునా, మన పుస్తకములే చాలునా యని సంశయించు సోదరీమణులకొఱకు మేమీ మాటలు వ్రాయుచున్నాము.

ఆ పుస్తకము లన్నియు నొక తీరువి కావు. 1970లో టెక్సాసున మొదలైన యాక్సిలరేటెడ్ క్రిస్టియన్ ఎడ్యుకేషన్ వారి పద్ధతిలో ఒక్కొక్క విషయమునకు ఏటికి 12 చిన్నపుస్తకములు. బిడ్డ తానే చదివి, తానే పూరించి, జవాబుల పుస్తకముతో సరిచూచుకొనవలయును. 1972లో ఫ్లోరిడాలోని పెన్సకోలాయందు పుట్టిన అబేకా పద్ధతిలో నేర్పువారు ఎదుట కూర్చుండి పాఠము చెప్పుదురు. చెప్పినదానినే మరల మరల వల్లింపజేయుదురు. ఆరేండ్ల బిడ్డకు ఈ రెండవదియే మేలని మా యభిప్రాయము. ఇంట తెలుగు మాటలాడు బిడ్డ ఇంగ్లీషు ప్రశ్నను తప్పుగా చదివి తప్పు జవాబు వ్రాసినచో, తప్పు చదువుటలోనిదా, లెక్కలోనిదా యని తల్లికి తెలియదు. బిడ్డమాత్రము తనకు లెక్కలు రావని బెంగపడును.

రెంటికిని మనవైపున నొక లోటు కలదు. అందలి నాణెములు డాలరులు, సెంట్లు, కొలతలు అంగుళములు, పౌనులు, పెద్దసంఖ్యలు మిలియనులు. పాయకరావుపేటలోని బిడ్డ తాండవనది వంతెన దాటి తుని అంగడికి పోయినప్పుడు వానికి కావలసినవి రూపాయలు, కిలోలు. కిలో 160 రూపాయలైన పావుకిలో చింతపండు వెల యెంతయో చెప్పలేని బిడ్డ, డాలరుకు సెంట్లెన్నియో చెప్పిన నేమి లాభము? లక్ష వ్రాయునప్పుడు 1,00,000 అని కామాలుంచుటయు ఆ పుస్తకములవలన రాదు.

పుట కొక వాక్యము నచ్చువేసినంతమాత్రమున కూడిక క్రైస్తవ కూడిక కాదు. ఈ మాట మనకు క్రొత్తదియు కాదు. 9వ శతాబ్దమున మహావీరాచార్యుడను జైనుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానిని 11వ శతాబ్దమున పావులూరి మల్లన తెనిగించెను. మల్లన శైవుడు; కావున ఉదాహరణములను తన మతమునకు తగినట్లు మార్చుకొనెను. గుణకారము, భాగహారము మాత్రము మారలేదు. మల్లన చేసిన పని నేడు తల్లియు చేయవచ్చును.

అందులకు బైబిలులో సామగ్రి కొల్లలుగా నున్నది. యోహాను సువార్త 21వ అధ్యాయమున వలలో పడిన చేపలు 153. అన్ని చింతగింజలను లెక్కించి పదేసి చొప్పున కుప్పలు పోయింపుడు: 15 కుప్పలు, 3 గింజలు మిగులును. పది కుప్పలను చేర్చినచో నూరు. స్థానవిలువ యింతకంటె సులభముగా నే అచ్చుబొమ్మవలనను బోధపడదు. పెద్దబిడ్డయైనచో మొదటి వరుసకు 1, రెండవదానికి 2, ఇట్లు 17 వరుసలు పేర్పింపుడు. అవే 153 గింజలు సరిగా సరిపోవును.

నోవహు ఓడ పొడవు 300 మూరలు. మూరయన నేమో మల్లెపూలు కొను ఇల్లాలికి వేరుగ చెప్పవలయునా? అరుగును మొదట తల్లి తన మూరతోను, పిదప బిడ్డ తన మూరతోను కొలువవలయును. తల్లికి 15 వచ్చినచోట బిడ్డకు 21 రావచ్చును. ఇరువురిలో నెవరిది తప్పని యడుగుడు. బిడ్డ కొంత తడబడి, "చేతులు వేరు కదా, అమ్మా" యనును. అప్పుడు టేపును చేతికిండు. మూరకు 45 సెంటీమీటర్ల లెక్కను ఓడ 135 మీటర్లు. పెంటకోట తీరమున చేపల పడవలను చూచిన బిడ్డకు దాని పరిమాణము వెంటనే మనసునకు తట్టును. తూనికలు నేర్పునాడు సామెతల గ్రంథము 11వ అధ్యాయము తీయుడు. త్రాసులోని మోసమును గూర్చి యచ్చట నున్నది.

ఇరువది మూడు, ముప్పది ఐదు అను తెలుగు పేర్లలోనే పదులు, ఒకట్లు విడివిడిగా వినబడును. కావున పుస్తకము ఇంగ్లీషుదైనను నోటిలెక్క తెలుగుననే చెప్పింపవలయును.

ఇక పరీక్షల మాట. ఇంట చదివిన బిడ్డ మరల బడిలో చేరవచ్చును. లేదా 14 ఏండ్లు నిండిన పిదప జాతీయ సార్వత్రిక విద్యాసంస్థవారి పదవతరగతి పరీక్షకు కట్టవచ్చును. ఎచ్చటనైనను అడుగబడునవి మన కొలతలే. అందుచేత ఏ విదేశ పుస్తకమును కొన్నను, ఆ తరగతికి మన రాష్ట్రపు లెక్కల వాచకమును ప్రక్కనుంచుకొనుడు. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి వాచకములు ఉచితముగానే లభించును.

ముందే ఏడాదికి సరిపడు పుస్తకములకు సొమ్ము పంపకుడు. నమూనా పాఠ మొకటి తెప్పించి వారముదినములు బిడ్డచేత చేయింపుడు. అంకెకు ముందు వస్తువును చూపుచున్నదా, నేర్పుటకు తల్లికి సూచన లున్నవా, నిన్నటి పాఠమును నేడు మరల అడుగుచున్నదా చూడుడు. వారము ముగిసిన పిదప పుస్తకము మూసి, అవే లెక్కలను గింజలతోను, రూపాయలతోను అడుగుడు. బిడ్డ చేయగలిగినచో మిగిలిన భాగములు తెప్పించుకొనవచ్చును.