కదిలే బొమ్మతో పాఠం

మన పాఠ్యపుస్తకాలు చాలావరకు నీళ్ళున్న చోట కూర్చుని వ్రాసినవిగా కనిపిస్తాయి. వాటిలో నది పారుతూ ఉంటుంది, వరి నాట్లు పడుతూ ఉంటాయి, పడవ సాగుతూ ఉంటుంది. అనంతపురం పీఠభూమిలో పెరిగే పిల్లవాని కంటికి కనిపించేది వేరు: ఎర్రనేల, వేరుశనగ చేను, ఎండిన చెరువు, బోరు వేసే లారీ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం పడే ప్రాంతమిది. ఆ పడేదైనా అదనుకు పడుతుందన్న నమ్మకం లేదు. సముద్రపు అలను గురించి, ఆటుపోట్లను గురించి ఇక్కడి పిల్లవాడు తప్పు లేకుండా ఒప్పజెప్పగలడు. కాని ఆ మాటల వెనుక అతని మనస్సులో ఏ బొమ్మా ఉండదు. అటువంటి చదువు పరీక్ష దాటగానే జారిపోతుంది.

ఈ లోటును పూడ్చే సాధనంగా నాలుగైదు నిమిషాల వీడియో పాఠాలు నేడు అందుబాటులోకి వచ్చాయి. మక్తబ్‌లు నడిపేవారు, పిల్లల తల్లిదండ్రులు మూడు విషయాలు తెలుసుకోగోరుతున్నారు. ఇవి నిజంగా పనికి వస్తాయా? వస్తే ఏ పాఠానికి, ఎంతవరకు? ధర్మరీత్యా అభ్యంతరమేమైనా ఉన్నదా?

బొమ్మతో పాఠం చెప్పడం మన రాష్ట్రానికి కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సహాయంతో, భారత ప్రభుత్వం ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు ప్రసారం చేసింది. 'సైట్' అని పేరుపొందిన ఈ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉన్నది. మన పొరుగునున్న కర్నూలు జిల్లా పల్లెలు అందులో చేరాయి. ఉదయం వేళ బడిపిల్లలకు, సాయంకాలం పెద్దలకు కార్యక్రమాలు. ఉపగ్రహం ఒకే బొమ్మతో పాటు రెండు శబ్దమార్గాలను మోసుకొచ్చేది. అంటే ఒకే దృశ్యానికి రెండు భాషలలో మాట పెట్టే వీలు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి, ముందు దీనితో పనిబడుతుంది.

అయితే ఆ పాఠాలకు ఒక పెద్ద ఇబ్బంది ఉండేది. ప్రసారం ఎవరికోసమూ ఆగదు. పిల్లవానికి అర్థమైనా కాకపోయినా బొమ్మ ముందుకు సాగిపోతుంది. అయిదేళ్ళ పిల్లవాడు, పన్నెండేళ్ళ పిల్లవాడు ఒకే పెట్టె ముందు కూర్చుని ఒకే పాఠం చూడవలసిందే. ఆనాడు బడికి రాని పిల్లకు ఆ పాఠం మళ్ళీ దొరకదు. 1980 దశకంలో ఇన్సాట్ ఉపగ్రహాల ద్వారా, 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి ఎగిరిన ఎడ్యుశాట్ ద్వారా వచ్చిన పాఠాలకూ ఇదే ఇబ్బంది. 2020లో కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో 'విద్యావారధి' పాఠాలు వచ్చాయి. ఇంట టీ.వీ. ఉండి, ఆ గంటకు కరెంటు ఉన్నవారికే అవి దక్కాయి.

మన పల్లెలకు ఈ విషయం మరీ ముఖ్యం. వానలు ముఖం చాటేసిన ఏడు కుటుంబాలు కుటుంబాలుగా బెంగుళూరుకు వలస పోతాయి. కూలిపనికి పోయిన తల్లిదండ్రుల వెంట వెళ్ళిన పిల్లవాడు మూడు నెలల తరువాత తిరిగి వచ్చి తరగతిలో కూర్చుంటే, మధ్యలోని పాఠాలు అతనికి గోడలా అడ్డు నిలుస్తాయి. ఆడపిల్లల విషయంలో ఆ గోడ తరచుగా చదువుకే స్వస్తి చెప్పిస్తుంది. ఫోనులో దాచిన పాఠం తిరిగి వచ్చేవరకు వేచి ఉంటుంది. నా దృష్టిలో దీని అసలు గుణం ఇదే; రంగులు, ఆటపాటలు తరువాతి మాట.

బంగ్లాదేశ్ మూలాలున్న అమెరికా వాసి సల్మాన్ ఖాన్ (సినిమా నటుడు కాదు) 2004లో దూరాన ఉన్న బంధువుల పిల్లకు ఫోను ద్వారా లెక్కలు చెప్పనారంభించి, 2006 నుండి ఆ పాఠాలను చిన్న వీడియోలుగా యూట్యూబ్‌లో పెట్టాడు. బంధువుల పిల్లలకు అతని నోట వినడం కంటే వీడియోయే నచ్చిందట. అర్థం కానిచోట ఆపి, వెనక్కు తిప్పి, ఎన్నిసార్లయినా చూడవచ్చును. ఎదుటివారు విసుక్కుంటారన్న బెరుకు లేదు. తరగతిలో నోరెత్తి రెండవసారి అడగలేని మన అమ్మాయిలకు ఇది ఎంత మేలో వేరే చెప్పనక్కరలేదు.

పాఠం పొట్టిగా ఎందుకుండాలి? ఎడెక్స్ అనే సంస్థ పాఠాలను జనం ఎలా చూస్తున్నారో, దాదాపు 69 లక్షల వీక్షణలను లెక్కించి 2014లో ఒక పరిశీలన ప్రచురించారు. వీడియో ఆరు నిమిషాలు దాటిందంటే చూచేవారి శ్రద్ధ సన్నగిల్లిపోయిందని తేలింది. వారు చాలావరకు ఎదిగినవారు. పదేళ్ళ పిల్లల సంగతి వేరే చెప్పాలా?

ఈ మర్మం మనకు పరాయిది కాదు. హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె మస్ఊద్ (రజి) వారానికొకసారి, గురువారం నాడు మాత్రమే ధర్మబోధ చేసేవారు. ప్రతిదినమూ చెప్పమని కోరినవారికి, మీకు విసుగు కలుగుతుందనే జంకుతున్నానని, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కూడా తమ విషయంలో ఇట్లే జాగ్రత్త వహించేవారని బదులు చెప్పారు. ఆయనే మరో సంగతి తెలిపారు. ప్రవక్త (స) నేలమీద ఒక చతురస్రం గీశారు. దాని నడుమ నుండి వెలుపలికి పోయే ఒక గీత, ఆ గీతకు ఇరుప్రక్కల చిన్న చిన్న గీతలు గీశారు. నడుమ ఉన్నది మానవుడు, చుట్టూ ఉన్నది అతని మరణం, వెలుపలికి పోయినది అతని ఆశ, చిన్న గీతలు అతనికి ఎదురయ్యే ఆపదలు అని వివరించారు. ఇసుక మీద నాలుగు గీతలు, నాలుగు మాటలు. బోధనకు దృశ్యసాధనం ఎట్లుండాలో ఇంతకంటే చక్కని ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఇక ఏ పాఠానికి వీడియో తగును? వానను తీసుకుందాం. మన దగ్గర వాన ఎందుకు పడదని ఏ పిల్లవాడిని అడిగినా, మన రాత అంటాడు, లేదా చెట్లు నరికారు అంటాడు. నైరుతి గాలులు అరేబియా సముద్రం మీదుగా వచ్చి పడమటి కనుమలను ఎక్కేటప్పుడు చల్లబడి అక్కడే కురిసిపోతాయి. కొండ దిగి ఇటువచ్చే గాలిలో తేమ తగ్గిపోతుంది. బంగాళాఖాతం నుండి వచ్చే ఈశాన్య గాలులు ముందు కోస్తాను, తూర్పు కనుమలను తడిపి, అలసిపోయి మన దాకా చేరుతాయి. రెండు కొండల వరుసల నడుమ, రెండింటి వానకూ దూరంగా మనమున్నాము. దీనిని మాటలతో చెబితే పెద్దలకే తికమక. పటం మీద మేఘాలు కదులుతూ, కొండ దగ్గర కురుస్తూ మూడు నిమిషాలు కనిపిస్తే అయిదవ తరగతి పిల్లవాడు కూడా గ్రహిస్తాడు. గాలులను, మేఘాలను, బీడునేల ప్రాణం పోసుకోవడాన్ని గురించి ఆలోచించమని దివ్య ఖుర్ఆన్ ఎన్నో చోట్ల మనలను పిలుస్తున్నది. ఈ పాఠం ఆ ఆలోచనకు ఒక మెట్టు.

బోరుబావి పాఠమూ ఇటువంటిదే. నేల క్రింద పాతాళగంగ పారుతున్నదని, అదృష్టముంటే తగులుతుందని మన పల్లెల్లో ఎంతోమంది నమ్మకం. మన క్రింద ఉన్నది చాలావరకు గట్టి నల్లరాయి, గ్రానైటు. నీరు ఉండేది దాని పగుళ్ళలోనూ, పైన చివికిన పొరలోనూ. ఆ పగుళ్ళు ఒకదానితో ఒకటి కలిసి ఉంటే ప్రక్కవాని బోరు తోడినప్పుడు మన బోరు నీరు దిగిపోతుంది. ఎవరూ లోపలికి దిగి చూడలేని ఈ దృశ్యాన్ని బొమ్మ చూపగలదు. కాని పాఠం అక్కడితో ఆగరాదు. మరునాడు పిల్లలు తాడు, రాయి తీసుకొని ఊరి బావిలో నీటిమట్టం కొలిచి పలక మీద వ్రాయాలి. 2000 దశకంలో అనంతపురంతో సహా ఏడు కరవు జిల్లాలలో నడిచిన భూగర్భజల పథకంలో రైతులే తమ బావుల మట్టాలు, వానకొలతలు వ్రాసుకున్నారు. వారు చేయగలిగినది వారి పిల్లలు చేయలేరా?

గుమ్మం ముందున్న దానిని వీడియోలో చూపడం మాత్రం నాకు వింతగా తోస్తుంది. వేరుశనగ మొక్క పాఠానికి ఫోను ఎందుకు? పీకి చూపితే వేరుబుడిపెలు, కాయలు, ఊడలు అన్నీ చేతికే తగులుతాయి. అయితే పువ్వు పైన పూచి, ఊడ మెల్లగా నేలలోకి దిగి కాయ అయ్యే వైనాన్ని ఎవరూ కూర్చుని చూడలేరు. నెలరోజుల కదలికను నిమిషంలో చూపే వీడియో అక్కడ పనికొస్తుంది. గుండె కొట్టుకోవడం, గ్రహణం పట్టడం, భిన్నాల కూడికలో ముక్కలు సమానమవడం ఇట్టివే. ఎక్కాలు, చేతివ్రాత, చదవడం మాత్రం నోటితో, చేతితో సాధన చేయవలసినవి. బొమ్మ చూస్తే వచ్చేవి కావు.

భాష విషయం మరువరాదు. మన ఇండ్లలో అనేకులు దక్కనీ ఉర్దూ మాట్లాడుతారు. దూదేకుల సోదరులు తెలుగే మాట్లాడుతారు. బడిలో తెలుగు, ఇంగ్లీషు. మూడు భాషల నడుమ పిల్లవాడు నలిగిపోతాడు. వీడియో శబ్దం ఆపివేసి, అదే బొమ్మకు గురువు ఇంటిభాషలో మాట చెప్పవచ్చును; తరువాత తెలుగులో వినిపించవచ్చును. 1975లో ఉపగ్రహం చేసిన పనిని మక్తబ్‌లో ఒక ఉస్తాదు నోటితో చేయగలడు.

ధర్మరీత్యా అభ్యంతరం మాటకు వద్దాం. ప్రాణుల చిత్రాల విషయంలో ఉలమాల నడుమ భేదాభిప్రాయాలు ఉన్నాయి. యూసుఫ్ అల్ ఖర్జావీ 1960లో వెలువరించిన హలాల్ హరామ్ గ్రంథంలో కెమెరా ఛాయాచిత్రాన్ని అనుమతించారు. మన దేశపు దారుల్ ఉలూమ్‌లకు చెందిన ముఫ్తీలు పలువురు అంగీకరించలేదు. ఆ చర్చను తేల్చడం ఈ వ్యాసం పని కాదు. చీకటి గదిలో సన్నని రంధ్రం గుండా వచ్చే వెలుగును పరీక్షించి, కెమెరాకు మూలమైన సూత్రాన్ని వివరించిన ఇబ్నుల్ హైసమ్ మనవాడేనన్నది మాత్రం గుర్తు చేస్తాను. జాగ్రత్త పాటించదలచినవారికి దారి ఉన్నది. వాన, రాయి, పటం, రేఖాగణితం, గ్రహాల పాఠాలకు ప్రాణి బొమ్మే అక్కరలేదు. అసలు భయపడవలసినది మరొకటి. పాఠం ముగిసీ ముగియకముందే ప్రకటన వస్తుంది, దాని వెనుక మరో వీడియో తనంతట తానే మొదలవుతుంది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదవ తరగతి పిల్లలకు వీడియో పాఠాలు నింపిన ట్యాబులు పంచింది. అది మంచి పనే. కాని ప్రక్కన పెద్దలు లేని ట్యాబు ఎంతసేపు పాఠంగా ఉంటుందో తల్లిదండ్రులకు తెలుసు.

కనుక ఫోను పిల్లల చేతిలో కాక ఉస్తాదు చేతిలో ఉండాలి. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలలోని క్యూఆర్ కోడ్ ద్వారా 2017లో ఆరంభమైన 'దీక్షా'లో పాఠాలు దొరుకుతాయి. ముందే దించుకుంటే తరగతిలో నెట్ అక్కరలేదు, ప్రకటనలూ రావు. ఉస్తాదు ముందు తాను రెండుసార్లు చూడాలి. తరగతిలో మొదట ఒక ప్రశ్న వేసి, అప్పుడు చూపాలి, నడుమ ఒకచోట ఆపి, తరువాత ఏమి జరుగుతుందని అడగాలి, చివర వ్రాయించాలి. అయిదు నిమిషాల వీడియోకు అరగంట పాఠం అవుతుంది. ఆ అరగంట లేనివారు వీడియో చూపకపోవడమే మేలు.

దక్కనీలో పాఠాలు కావాలంటే మనమే తీసుకోవాలి. వేరుశనగ పాఠంతో మొదలుపెట్టవచ్చును. ఒక చేనిలో ఒక మొక్క దగ్గర కర్ర పాతి, ప్రతి శుక్రవారం జుమా తరువాత అదేచోట నిలబడి అర నిమిషం చిత్రం తీస్తే చాలును. విత్తు పడేది జూన్, జూలై మాసాలలో. కాయ పీకేది అక్టోబరు, నవంబరులో. ఒక పంటకాలానికి ఒక పాఠం సిద్ధమవుతుంది.