ఒంటిపూట బడులు - కాలువ గట్టు - గాలం

మార్చి నెలలో ఒంటిపూట బడులు మొదలైతే మా గోదావరి పల్లెల్లో తల్లులకు దిగులు మొదలవుతుంది. మధ్యాహ్నానికి ఇల్లు చేరిన పిల్లలు అన్నం తినీ తినకుండానే గాలపు కర్రలతో మాయమైపోతారు.

మా పెదనాన్నగారి అబ్బాయి అలాగే వెళ్ళాడు. లాకుల దిగువన ఎక్కడో చిక్కుకున్న గాలం విడిపించబోయి నీళ్ళలో దిగాడు. సాయంత్రానికి గాని దొరకలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఇంట్లో గాలం మాట ఎత్తినవారు లేరు.

అందుకే నా పిల్లలు అడిగినప్పుడు "వద్దు" అన్నాను. పదిరోజుల తర్వాత మావాడి జేబులో ఎర్రలు కనిపించాయి! వద్దనడంవల్ల వాళ్ళు మానలేదు, నాకు చెప్పడం మానేశారు, అంతే. ఆ వారం నుండి నేనే వెంట వెళ్ళడం మొదలుపెట్టాను.

ఎప్పుడు వెళ్ళాలో ముందు చెబుతాను. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొరగారి ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ 1982 నాటిది. అక్కడినుండి వచ్చే కాలువలను దాళ్వా పంట చేతికొచ్చాక, సాధారణంగా ఏప్రిల్‌లో, మరమ్మతులకోసం కట్టేస్తారు. మళ్ళీ జూన్‌లో వదులుతారు. కాలువ నిండుగా పారుతున్నప్పుడు పిల్లల్ని గట్టుకు తీసుకువెళ్ళకండి. కట్టేశాక వేగం తగ్గి, నీళ్ళు అక్కడక్కడ మడుగులుగా నిలుస్తాయి. చేపలూ అక్కడే చేరతాయి. అయినా లాకుల దిగువన, తూముల దగ్గర నీటి కోతకు పడ్డ గోతులు వేసవిలోనూ లోతుగానే ఉంటాయి. బురదలో కాలు దిగబడితే పెద్దవాళ్ళకే పైకి రావడం కష్టం. వాలు తక్కువగా ఉన్న గట్టు, ఒక చెట్టు నీడ చూసుకోండి. ఎండ తగ్గి నాలుగు దాటాక బయలుదేరితే చాలు. ఒక పెద్దమనిషికి ఇద్దరు పిల్లలకంటే ఎక్కువ వద్దు. గాలం చిక్కుకుంటే దారం కోసెయ్యండి. మా ఇంట్లో ఇది కట్టడ. గాలం ఖరీదెంతని!

సామానుకు డబ్బేమీ అక్కరలేదు. సన్నని వెదురు కర్ర, నైలాను దారం, జీలుగ బెండు, చిన్న గాలం, పెరట్లో తవ్విన ఎర్రలు. గాలానికి లోపలివైపుండే చిన్న ముల్లును పటకారుతో నొక్కేస్తే వేలికి గుచ్చుకున్నా తేలికగా వస్తుంది.

బెండును చూసి చేపను చెప్పడం మా అమ్మాయికి నా కంటే బాగా వచ్చు. టకటకా కొరుకుతూ బెండును ఆడిస్తే పరిగె. పక్కకు ఈడ్చుకుపోతే గొరక. గొరక గాలి పీల్చి బ్రతకగలదు, ఒడ్డున వేస్తే గడ్డిలో పాకుతూ నీటివైపు పోతుంది. దాని చెంపల మీది ముళ్ళు చెయ్యి కోస్తాయి, తడిగుడ్డతో పట్టుకోవాలి. జెల్లను మాత్రం పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. రెక్క ముల్లు గుచ్చుకుంటే చాలాసేపు సలుపుతుంది.

ఒకసారి మావాడికి చైనా గొరక పడింది. నోరు తెరిస్తే లోపల సన్నని గింజల్లా గుడ్లు. ఈ జాతి తల్లి గుడ్లను నోట్లోనే పెట్టుకొని పొదుగుతుంది. "వదిలేద్దాం నాన్నా" అని వాడే అన్నాడు. నిజానికి ఆ రోజు మాకు పడ్డ పెద్ద చేప అదొక్కటే. నాకు మనసులో పులుసు మెదిలిందని ఒప్పుకుంటాను.

మత్తయి 17వ అధ్యాయంలో పేతురు చేపకోసం వెళ్ళింది వలతో కాదు, గాలంతో అని మా అమ్మాయి సండేస్కూల్లో చెప్పి వచ్చిందట. టీచరుగారు బైబిలు తెరిచి చూసుకున్నారట.

మొన్న వేసవిలో పదకొండు పరిగెలు పట్టుకొని చీకటి పడుతుండగా ఇల్లు చేరాం. చింతచిగురులో వండుదామని మా ఆవిడ కత్తిపీట తీసింది. అరుగుమీద మా పెద్దమ్మ కూర్చుని ఉంది, పెదనాన్నగారి భార్య. పిల్లలు చేపల గిన్నె ఆవిడ ముందు పెట్టారు. ఆవిడ గిన్నెలోకి చూడలేదు. చేయి చాచి ఒకరి తర్వాత ఒకరి తల తడిమి, "ఇద్దరూ వచ్చార్రా?" అని నన్నడిగింది.

"వచ్చారు పెద్దమ్మా" అన్నాను.

అప్పుడు గిన్నె దగ్గరకు లాక్కొని చేపలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.