దూరపు తోటకు కాపలా కెమెరా: కొనే ముందు ఆలోచించవలసినవి

ఊరి పొలిమేర దాటి తోటలోనో పొలంలోనో బోరుబావి ఉన్న కుటుంబాలకు తెలిసిన దిగులు ఒకటుంది. రాత్రివేళ ఎవరో వచ్చి రాగి కోసం కేబులు కోసుకుపోతారు, స్టార్టరు పెట్టె పగులగొడతారు, ఒక్కోసారి మోటారునే ఎత్తుకుపోతారు. దొంగకు దక్కేది పాతసామాను ధర. రైతుకు మాత్రం మోటారు తిరిగి బిగించేవరకు చెట్లకు తడి అందదు. కొడుకులు గల్ఫ్ దేశాలలో ఉండి, ఇంటి వద్ద వృద్ధులైన తల్లిదండ్రులే మిగిలిన కుటుంబాలలో ఈ దిగులు మరింత బరువైనది. "ఒక వైర్‌లెస్ కెమెరా పెట్టించండి" అన్న సలహా అందుకే తరచుగా వినిపిస్తోంది.

సలహా మంచిదే. కాని ఇంటి వాకిట చక్కగా పనిచేసే కెమెరా తోటలోనూ అలాగే పనిచేస్తుందని అనుకోరాదు. దుకాణంలో మనకు మొదట చూపించేది బొమ్మ స్పష్టత. తోట విషయంలో మనం మొదట చూడవలసినవి కరెంటు, సిగ్నలు, దృశ్యాన్ని దాచుకునే చోటు. ఈ మూడూ కుదిరిన తరువాతనే బొమ్మ సంగతి.

కరెంటు ఎక్కడిది?

వైర్‌లెస్ అంటే తీగలే అక్కరలేనిదని చాలామంది భావిస్తారు. నిజానికి దృశ్యాన్ని మోసే తీగ మాత్రమే దానికి ఉండదు, విద్యుత్తు కావలసిందే. వ్యవసాయ విద్యుత్తును రోజంతా నమ్ముకోలేము. పైగా కేబులు కోసే దొంగ చేతిలో కెమెరాకు వెళ్ళే తీగ కూడా తెగుతుంది. కనుక తోటకు సౌరఫలకం, బ్యాటరీ ఉన్న కెమెరాయే తగినది.

ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది నిద్రావస్థలో ఉండి, కదలిక తగిలినప్పుడు మాత్రమే మేల్కొని రికార్డు చేస్తుంది. దీనికి చిన్న ఫలకం చాలు. రెండవది రాత్రింబవళ్ళు రికార్డు చేస్తుంది. అది 6 వాట్లు వాడుకుంటుందనుకుంటే రోజుకు 144 వాట్-అవర్లు కావాలి. 12 వోల్టుల, 20 ఆంపియర్-అవర్ బ్యాటరీ నిండుగా ఉన్నా అందులో ఉండేది 240 వాట్-అవర్లే. అనగా మూడు రోజులు ముసురు పట్టిందంటే కెమెరా కన్ను మూసినట్లే. ఫలకాన్ని చెట్టునీడ పడని చోట దక్షిణ ముఖంగా, కొద్దిగా వాలుగా అమర్చాలి. దుమ్మును అప్పుడప్పుడు తుడవాలి.

నిద్రపోయే రకానికి ఒక పరిమితి ఉంది. దానిని మేల్కొలిపే పరికరం మనిషి ఒంటి వేడిని గుర్తిస్తుంది. మన వేసవిలో పరిసరాల వేడి ఒంటి వేడికి దగ్గరైనప్పుడు దాని చురుకుదనం తగ్గుతుంది. ఎదురుగా వచ్చే మనిషి కంటే అడ్డంగా దాటే మనిషిని అది తేలికగా పట్టుకుంటుంది. కాబట్టి కాలిబాట కెమెరా ముందు అడ్డంగా సాగేటట్లు బిగించుకోవడం మేలు.

సిగ్నలు అందుతుందా?

ఇల్లు తోటలోనే ఉంటే వైఫై సరిపోవచ్చు. అప్పుడు 2.4 గిగాహెర్ట్జ్‌పై పనిచేసే కెమెరాయే నయం. 5 గిగాహెర్ట్జ్ అంత దూరం పోదు. మధ్యలో దట్టమైన ఆకులుంటే ఏ సిగ్నలైనా బలహీనపడుతుంది. ఇల్లు ఊళ్ళో, తోట మైళ్ళ దూరంలో ఉంటే సిమ్ కార్డుతో పనిచేసే 4జీ కెమెరాయే మార్గం. దానిని కొనడానికి ముందు పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఏ కంపెనీ సిమ్ వేయదలచారో అదే సిమ్ ఉన్న ఫోనుతో కెమెరా బిగించే చోట నిలబడి, పగలు ఒకసారి, రాత్రి ఒకసారి వీడియో కాల్ చేసి చూడండి. అది తెగిపోతుంటే కెమెరా కూడా తెగిపోతుంది.

డేటా లెక్క కూడా చూసుకోవాలి. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున దృశ్యం నిరంతరం వస్తుంటే రోజుకు సుమారు 10.8 జీబీ ఖర్చవుతుంది. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్యాకు మూడు గంటల ఇరవై నిమిషాలకే అయిపోతుంది. కనుక రికార్డు కెమెరాలోని మెమరీ కార్డులో జరగాలి. ఫోనుకు హెచ్చరిక, చిన్న దృశ్యం మాత్రమే రావాలి. ఆ చిన్న దృశ్యం వెంటనే ఫోనుకు చేరడం అత్యవసరం. దొంగ కెమెరానే పీకుకుపోతే కార్డు కూడా అతనితోనే పోతుంది.

పెట్టెపై ఐపీ 66 వంటి అంకె ఉన్నదీ లేనిదీ చూడండి. మొదటి 6 దుమ్ము చొరబడదని, రెండవ 6 బలమైన నీటి ధారకు తట్టుకుంటుందని సూచిస్తాయి.

ఇతరుల గౌరవం

2016లో 'మిరై' అనే హానికర ప్రోగ్రాం లోకంలోని లక్షలాది పరికరాలను వశపరచుకున్నది. వాటిలో కెమెరాలు చాలా ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డును యజమానులు మార్చకపోవడమే దానికి దారి. బిగించిన రోజే పాస్‌వర్డు మార్చండి. మన దేశంలో సీసీటీవీ కెమెరాలకు భద్రతా పరీక్షల నిబంధన 2025 ఏప్రిల్ నుండి అమలులో ఉంది. ఆ ధ్రువీకరణ ఉన్నదేనా అని దుకాణంలో అడగండి.

కెమెరా ఎటు చూస్తున్నదన్నది కూడా అంతే ముఖ్యం. మన మోటారుకు కాపలా పేరిట పొరుగువారి వాకిలి, కూలికి వచ్చిన స్త్రీలు విశ్రమించే పాక, స్నానం చేసే తొట్టి దానికి కనబడరాదు. అది ధర్మం కాదు; ఏకాంతంలో ఉన్న స్త్రీని చిత్రీకరించడం చట్టరీత్యా నేరం కూడా. కెమెరా ఉన్నదని పనివారికి ముందే చెప్పడం, తెలిసేటట్లు ఒక బోర్డు పెట్టడం మర్యాద.

హెచ్చరిక ఎవరికి?

కెమెరా సాక్షి మాత్రమే, కావలివాడు కాదు. రాత్రి రెండు గంటలకు ఫోను మోగితే ఎవరు లేస్తారు? దుబాయ్‌లోని కొడుకుకు అప్పుడు 12.30, అతడు చూడగలడే గాని రాలేడు. ఇంట్లో ఉన్న తండ్రి టార్చి పట్టుకుని ఒంటరిగా తోటకు బయలుదేరితే, ఆ కెమెరా ఆయనను ఆపదలోకి నెట్టినట్లే. మోటారు మళ్ళీ కొనుక్కోవచ్చు. అందువల్ల కెమెరా బిగించిన నాడే ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక ఒప్పందానికి రావాలి. ఒంటరిగా ఎవరూ వెళ్ళరాదు. పక్క తోటల వారి నంబర్లు, పోలీసుల 112 అందరి ఫోన్లలో ఉండాలి. వీలైతే పక్క తోట యజమానికి కూడా హెచ్చరిక చేరే ఏర్పాటు చేసి, వారి తోటకు మనం, మన తోటకు వారు కాపలా అనుకోవాలి. ఇంత ఏర్పాటు చేసుకున్న తరువాత కొన్న కెమెరా చవకదైనా పనికివస్తుంది. ఇది లేనిచోట ఎంత ఖరీదైనదైనా జరిగిన దొంగతనాన్ని తెల్లవారి చూపించడానికే మిగులుతుంది.