యుద్ధాన్ని ఆపిన నారి కురుపు

సిరియా రాజు దగ్గర్నుంచి ఇశ్రాయేలు రాజుకు ఒకరోజు ఉత్తరం వచ్చింది. తన సేనాధిపతి నయమానుకు కుష్ఠు సోకిందనీ, అతణ్ణి బాగుచేయించాలనీ అందులో ఉంది. అది చదివి ఇశ్రాయేలు రాజు బట్టలు చింపుకున్నాడు. తనతో కయ్యానికే సిరియా ఈ సాకు వెతికిందని భయపడ్డాడు (2 రాజులు 5వ అధ్యాయం). ఒక దేశం మరో దేశాన్ని వైద్యసాయం అడిగితే దాని వెనుక ఏ ఎత్తుగడ ఉందోనని అనుమానించడం ఆనాటి నుంచీ ఉన్నదే! ఎలీషా ప్రవక్త మాత్రం రోగిని రానిమ్మన్నాడు. అసలు ఆ కథకు మూలం సిరియనులు చెరపట్టుకుపోయిన ఒక చిన్నపిల్ల. తనను బానిసను చేసిన ఇంటి యజమాని బాగుపడాలని కోరుకున్నది ఆమే.

శత్రువులు ఒక రోగం కోసం ఆయుధాలు పక్కన పెట్టిన సంఘటన మన కాలంలోనూ జరిగింది. అది 1995లో, ఆఫ్రికాలోని సూడాన్‌లో. ఆ ఘనత దారంలా సన్నగా ఉండే ఒక పురుగుది.

నారి కురుపు అంటే ఏమిటో నేటి పిల్లలకు తెలియదు. మన పెద్దల్లో కొందరికి అదొక పీడకల. రాజస్థాన్, గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటకలతో పాటు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒకప్పుడు ఈ జబ్బు ఉండేది. చెరువుల్లో, మెట్లు దిగి నీళ్ళు ముంచుకునే దిగుడు బావుల్లో కంటికి సరిగా ఆనని సైక్లాప్స్ అనే జీవులుంటాయి. నారి పురుగు పిల్లలు వాటి కడుపులో చేరతాయి. ఆ నీళ్ళు తాగిన మనిషికి ఏడాది దాకా ఏమీ తెలియదు. తర్వాత కాలి మీద పొక్కు లేచి నిప్పు పెట్టినట్టు మండుతుంది. పొక్కు చితికి, మీటరు దాకా పొడవుండే పురుగు బయటికి రావడం మొదలుపెడుతుంది. మంట తట్టుకోలేక ఆ మనిషి కాలు నీళ్ళలో పెడితే చాలు, పురుగు తన పిల్లల్ని వేలకొద్దీ వదులుతుంది. ఊరంతా మళ్ళీ ఆ నీళ్ళే తాగుతుంది! దీనికి టీకా లేదు, పురుగును చంపే మందూ లేదు. దాన్ని చిన్న పుల్లకు చుట్టి రోజూ కొద్దికొద్దిగా లాగడమే నేటికీ వైద్యం. అరణ్యంలో ఇశ్రాయేలీయులను బాధించిన తాపకరమైన సర్పాలు ఈ పురుగులే కావచ్చని కొందరు పండితులు అభిప్రాయపడ్డారు. మేమైతే ఆ చర్చలోకి దిగడం లేదు.

ఈ జబ్బు చంపేది తక్కువ, మంచాన పడేసేది ఎక్కువ. అదీ తరచు విత్తే కాలంలోనో, కోతల కాలంలోనో! మాలి దేశంలోని డోగోన్ ప్రజలు దీనికి ‘ఖాళీ గాదెల జబ్బు’ అని పేరు పెట్టుకున్నారు. తండ్రి మంచం పడితే కొడుకు బడి మాని పొలానికి పోతాడు. ఆరోగ్యం, తిండి, చదువు, మంచినీళ్ళు వేర్వేరు శాఖలుగా ఉండేది కాగితాల మీదే. పేదవాడి ఇంట్లో అవన్నీ ఒకే ముడి.

1981లో అమెరికా అధ్యక్ష పదవి నుంచి దిగిపోయిన జిమ్మీ కార్టర్, మరుసటి ఏడాది భార్య రోజలిన్‌తో కలిసి కార్టర్ సెంటర్‌ను స్థాపించాడు. 1986లో ఆ సంస్థ నారి కురుపు నిర్మూలనకు పూనుకునే నాటికి ఆఫ్రికా, ఆసియాల్లోని 21 దేశాల్లో ఏటా 35 లక్షల మందికి ఈ జబ్బు సోకుతోందని అంచనా. 1988లో ఘనాలోని ఒక పల్లెకు వెళ్ళిన కార్టర్‌కు ఒక యువతి కనిపించింది. చేతుల్లో బిడ్డ ఉందనుకుని ఆయన దగ్గరికి వెళ్ళాడు. తీరా చూస్తే ఆమె పట్టుకున్నది వాచిపోయిన తన రొమ్మును. అందులోంచి పురుగు బయటికి వస్తోంది. ఆ దృశ్యం గురించి ఆయన తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. స్వగ్రామమైన ప్లెయిన్స్‌లోని బాప్టిస్టు చర్చిలో తొంభై ఏళ్ళు దాటాక కూడా సండే స్కూలు పాఠాలు చెప్పిన మనిషి ఆయన. ఆయన తల్లి లిలియన్ కూడా అరవై ఎనిమిదేళ్ళ వయసులో నర్సుగా బొంబాయి దగ్గరి విక్రోలికి వచ్చి పేదలకు సేవచేసింది. బహుశా కొన్ని పనులు ఇంట్లోనే అబ్బుతాయి.

సూడాన్‌లో 1983 నుంచీ ఉత్తరాదిలోని ప్రభుత్వానికీ, దక్షిణాది తిరుగుబాటుదారులకూ అంతర్యుద్ధం సాగుతోంది. దక్షిణాదిలో క్రైస్తవులు ఎక్కువ కనుక మన సంఘాల్లో దాన్ని మతాల మధ్య పోరుగానే చెప్పుకున్నవాళ్ళున్నారు. పురుగుకు ఆ తేడా ఏం తెలుసు? బాంబులు పడే ఊళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు పోలేరు. సూడాన్‌లో ఒక మూల పురుగు మిగిలినా పొరుగు దేశాల శ్రమ బూడిదలో పోసినట్టే. అందుకే కార్టర్ 1995 మార్చిలో అక్కడికి వెళ్ళి ఇరుపక్షాలతోనూ మాట్లాడాడు. శాంతి ఒప్పందం కాదు, సరిహద్దుల లెక్క కాదు, ఈ జబ్బు పని చేసుకోవడానికి రెండు నెలలు కాల్పులు ఆపమన్నాడు. వాళ్ళు ఒప్పుకున్నారు! ఎవరి లెక్కలు వారికి ఉండే ఉంటాయి, ఆ సమయంలో బలగాలను కూడగట్టుకోవచ్చనీ అనుకొని ఉంటారు. అయినా రెండు నెలల విరమణ పొడిగింపులతో దాదాపు ఆరు నెలలు నిలిచింది. ‘గినియా వర్మ్ కాల్పుల విరమణ’గా అది చరిత్రలో నిలిచిపోయింది.

అప్పుడు పల్లెలకు చేరినవి ఖరీదైన యంత్రాలేమీ కావు. సైక్లాప్స్‌ను ఆపగల సన్నని నైలాన్ గుడ్డలు. కుండ మూతికి కట్టి నీళ్ళు వడపోసుకుంటే చాలు. ఆ నెలల్లో రెండు లక్షలకు పైగా అలాంటి వడపోత గుడ్డలు పంచారు. అదే ఊపులో పిల్లలకు పోలియో, తట్టు టీకాలు వేశారు. తర్వాతి కాలంలో పశువుల కాపరులు మెడలో వేలాడదీసుకొని తిరిగే గొట్టాలు వచ్చాయి. దారిలో ఎక్కడ నీళ్ళు తాగినా వాటితోనే పీల్చుకోవచ్చు.

విరమణ ముగిశాక తుపాకులు మళ్ళీ పేలాయి. శాంతి ఒప్పందం 2005లో గానీ కుదరలేదు. 2006లో దక్షిణ సూడాన్ ప్రాంతంలో ఇరవై వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. ఊరికొక కార్యకర్త చొప్పున వేలాదిమంది ఇల్లిల్లూ తిరిగి రోగుల్ని వెతికారు, కాలు నీళ్ళలో పెట్టకుండా కాపు కాశారు. 2011లో అది స్వతంత్ర దేశమైంది, 2013లో అక్కడే మరో అంతర్యుద్ధం చెలరేగింది. ఆ పని మాత్రం ఆగలేదు.

మన దేశం ఈ పోరు ముందే ముగించింది. దిగుడు బావులను మార్చి, చేతిపంపులు వేసి, గుడ్డతో నీళ్ళు వడకట్టడం నేర్పి 1996లో రాజస్థాన్‌లో చివరి రోగిని చూశాం. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకు విముక్తి ధ్రువీకరణ ఇచ్చింది. మనం పెద్దగా పండుగ చేసుకోలేదు. ఇప్పుడా కురుపు పేరే మరిచిపోయాం.

చివరి పురుగు తనకంటే ముందే చావాలని కార్టర్ 2015లో, క్యాన్సర్ బయటపడిన రోజుల్లో అన్నాడు. నూరేళ్ళు నిండాక 2024 డిసెంబరు 29న ఆయన కన్నుమూశాడు. ఆ సంవత్సరం మొత్తం ప్రపంచంలో మనుషులకు సోకిన కేసులు 15. అన్నీ చాద్, దక్షిణ సూడాన్ దేశాల్లోనే. ఈ చివరి మెట్టే కష్టమైనది. సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో మళ్ళీ యుద్ధం మొదలై లక్షలాది మంది సరిహద్దులు దాటారు. 2025 జనవరిలో అమెరికా ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి వైదొలగుతున్నట్టు ప్రకటించింది. పైగా పురుగు కుక్కల్లోనూ చేరిందని 2012లో చాద్‌లో బయటపడింది. అప్పట్నుంచి అక్కడి పల్లెల వాళ్ళు తమ కుక్కల్ని కట్టేసి మేపుతున్నారు, చేపల పేగులు వాటి నోట పడకుండా గొయ్యి తీసి పూడుస్తున్నారు.