లద్దె పురుగు అంటే ఏ పురుగు అన్నా?

మా షాపుకి ఫోన్ చేసి చాలామంది అడిగేది ఇదే: "తమ్ముడూ, మొక్కజొన్నలో లద్దె పురుగు పడింది, వైరస్ ద్రావణం ఉందా?" ముందు ఫోటో పంపమంటాను. ఎందుకంటే ఆ పేరుతో మనం రెండు పురుగుల్ని పిలుస్తున్నాం.

పొగాకు లద్దె పురుగు మనకి పాతదే, స్పోడోప్టెరా లిట్యురా. 2018లో కర్ణాటకలో బయటపడి మన మొక్కజొన్నకి పాకింది స్పోడోప్టెరా ఫ్రుజిపెర్డా. ఇంటిపేరు ఒకటే, మనుషులు వేరు. దీనికి కత్తెర పురుగు అని వేరే పేరు పెట్టినవాళ్లకి దండం పెట్టాలి. లిట్యురా కోసం చేసిన ఎన్‌పీవీ ద్రావణం కొట్టి కత్తెర పురుగు చావాలంటే కష్టం. లింగాకర్షక బుట్టలో పెట్టే ఎర కూడా అంతే, దేనిది దానికే.

ఇంకోవైపు శనగపచ్చ పురుగు చూడండి. టమాటాలో కాయతొలుచు పురుగు, పత్తిలో పచ్చపురుగు అంటాం, అన్నీ హెలికోవెర్పా ఆర్మిజెరానే. అంతకుముందు అది హీలియోథిస్. 1965లో శాస్త్రవేత్తలు పేరు మార్చారు, షాపుల్లో ఇంకా పాతదే నడుస్తోంది! డిప్లొమాలో ఇవన్నీ బట్టీ పట్టించారు గానీ, రైతుకి ఎలా చెప్పాలో మాత్రం నేర్పలేదు.

కత్తెర పురుగు గుర్తులు: తల మీద తిరగేసిన వై అక్షరం, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్లచుక్కలు. వీడియోలో దగ్గరగా చూపించాను. సీసా కొనేముందు లేబుల్ మీద రెండో మాట చదివించుకోండి, లిట్యురానా, ఫ్రుజిపెర్డానా అని.