ల్యాప్‌టాపునకు తోడుగా జి.పి.ఎస్. రిసీవరు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మొదలైన పేటలు నీట మునిగిన సంగతి శ్రోతలు మరచియుండరు. వీధుల ఆనవాళ్లే తెలియని అట్టి వేళ పడవ ఎచ్చటికి పోవలెనో చెప్పుటకు ఇంటి నంబరు చాలదు. అక్షాంశ రేఖాంశములు కావలెను. సహాయ కార్యములకు, సర్వేలకు ల్యాప్‌టాపు వెంటగొని పోవువారికి ఉపకరించునని ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

“ల్యాప్‌టాపు తానే పటము మీద మన చోటు చూపుచున్నది గదా, వేరొక పరికరమెందుకు?” అని కొందరడుగుదురు. చాల ల్యాప్‌టాపులలో జి.పి.ఎస్. రిసీవరు ఉండదు. చుట్టుపట్ల నున్న వై-ఫై గుర్తులను ఇంటర్నెట్టు ద్వారా సరిపోల్చి అవి తామున్న చోటును అంచనా వేయును. కరెంటు పోయి ఇంటర్నెట్టు ఆగినచో ఆ అంచనాయు ఆగును. రిసీవరు అట్లు కాదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహముల సంకేతములను అది నేరుగా గ్రహించును. తన చోటును, సరియైన కాలమును కలిపి తేల్చుకొనుటకు దానికి కనీసము నాలుగు ఉపగ్రహములు అందవలెను.

ఇక ఎంపిక. మొదట ఆలోచింపవలసినది ఆకాశమును గురించి. ఉపగ్రహ సంకేతములు మిక్కిలి బలహీనములు. జీపు పైకప్పు, ఇంటి రేకులు వానిని అడ్డగించును. కావున ల్యాప్‌టాపునకే గ్రుచ్చుకొని యుండు చిన్న రిసీవరు కంటె, యు.ఎస్.బి. తీగె చివర నుండి వాహనము పైన పెట్టదగినది మేలు. బ్లూటూత్ రిసీవరునకు తీగె బెడద లేదు గాని, దాని బ్యాటరీని వేరుగ ఛార్జి చేయవలెను. కరెంటు లేని చోటికి పోవువారు ఈ సంగతి గమనింతురు గాక!

రెండవది వయస్సు. జి.పి.ఎస్. పాత సంకేతములలో వారముల లెక్క 1024కు చేరగానే మరల సున్న నుండి మొదలగును. 2019 ఏప్రిల్ 6న అట్లు జరిగినది. కొన్ని పాత రిసీవర్లు అందుచే తేదీని పందొమ్మిదేండ్లకు పైగా వెనుకకు చూపును. చవుకయని పాతది కొనువారు తేదీని తప్పక సరిచూడవలెను. క్రొత్తవి రష్యావారి గ్లోనాస్, ఐరోపావారి గెలీలియో ఉపగ్రహములను గూడ అందుకొనును. కొండలు, మేడలు ఆకాశమును కప్పిన చోట ఇది గొప్ప మేలు.

మూడవది భాష. ఎన్.ఎం.ఇ.ఎ. 0183 అను పద్ధతిలో మాటలాడు రిసీవరును క్యూజిస్ వంటి ప్రోగ్రాములు గుర్తించును. ఇందొక చిక్కున్నది. ఈ పద్ధతిలో విజయవాడ అక్షాంశము 1630.50 అని వచ్చును. అనగా 16 డిగ్రీల 30.50 నిమిషములు, దశాంశములలో 16.5083 డిగ్రీలు. దీనిని 16.3050 అని చదివితిమా, గుర్తు సుమారు 22 కిలోమీటర్లు దక్షిణమునకు జరిగి తెనాలి దిక్కున పడును! రికార్డింగు కొరకు ఒక పల్లెను వెదకుచు ఈ పొరపాటే మేమును ఒకసారి చేసి, చీకటి పడువరకు పొలము గట్ల మీద తిరిగితిమి. మాకు పోయినది ఒక సాయంకాలము మాత్రమే. వరదలో మిద్దెపై నిలిచి పడవకై ఎదురుచూచువానికి పోవునది అంతకంటె పెద్దది.

రిసీవరు చెప్పునది అంకెలు మాత్రమే, పటము చెప్పదు. పటములను ముందుగనే ల్యాప్‌టాపులో నిలువచేసికొనవలెను. రిసీవరునకు డ్రైవరు అవసరమైనచో దానిని గూడ ఇంటివద్దనే ఎక్కించి, ఇంటర్నెట్టు ఆపివేసి, తెలిసిన చోట ఒకసారి పరీక్షింపవలెను. ఆ పరీక్షలో నెగ్గిన రిసీవరే మంచి రిసీవరు. దాని వెల ఎంతయన్నది ఆ తరువాతి మాట.